కారుగారు

ఆదివారం రాత్రి, పుణె

నాన్న పోయాక నరసాపురంలోనే ఉండిపోయిన ఆయన అంబాసిడర్ కారుని ఇవాళ ఇక్కడి నుంచే, వీడియో కాల్‌లో అమ్మేశాను. కొన్నది జంగారెడ్డిగూడెం రైతు, సూర్యారావు గారు.

ఆయన తాళం తిప్పితే బండి దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పినా అంతే. తెలియకుండానే నా నోట్లోంచి వచ్చేసింది.

"కారుగారూ, లేవండి. పాపకి స్కూలు టైమైంది."

నాన్న ఎవరినీ గారు లేకుండా పిలిచి ఎరగరు. రోజూ పొద్దున్నే స్టీరింగ్ నిమురుతూ ఈ మాటే అనేవారు. వెనక సీట్లో నేను, ఎండకి కాగిన రెక్సిన్ వాసన...

సూర్యారావు గారు ఫోన్‌లోకి వింతగా చూశారు. సిగ్గుపడుతూనే సంగతి చెప్పాను. ఆయన మళ్ళీ తాళం తిప్పారు. ఈసారి స్టార్టయింది.

సాయంత్రమంతా ఒకటే బెంగ, తీసుకెళ్ళి ఏ కొట్టంలోనో పడేస్తారేమోనని. ఇందాక ఆయనే ఫోన్ చేశారు.

"కారుగారు క్షేమంగా వచ్చేశారండి. అలిసిపోయారు, పడుకోమన్నాను."