నీళ్ళలో దిగని శుక్రవారం

కొత్తపేట,
5-9-2006

బావకు రత్నమాల నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, పాప, అత్తయ్యగారు బాగానే ఉన్నాం. దోహాలో మీరూ బాగున్నారనే తలుస్తాను. వరద తీసింది. ఇంట్లోకి నీళ్ళు రాలేదు.

పాప దగ్గు తగ్గిందా అని అడిగారు, తగ్గింది. మీరు తుడిచే ఆఫీసులో గోడనిండా టీవీలేననీ, ఏ రోడ్డు ఎలా ఉందో అప్పటికప్పుడు కనిపిస్తుందనీ రాశారు. మన కాజ్‌వేకి నువ్వే కెమెరావి అని వేళాకోళం కూడా చేశారు. నవ్వలేకపోయాను బావా.

వరదొచ్చి ఏటి మీద కాజ్‌వే రోడ్డు మునిగితే, దాటొచ్చా అని డ్రైవర్లంతా మన టీకొట్టు ఫోనుకే చేస్తారు. ఆ అలవాటు చేసింది మీరే. గట్టున రాతి మీద సున్నం గీత మునగకుండా కనపడితే చాలదు, నీళ్ళలో దిగి కర్రతో రోడ్డు పొడిచి చూశాకే బండిని రమ్మనాలి అనేవారు. మీరు వెళ్ళిన ఈ నాలుగేళ్ళూ అలాగే చేశాను.

కొబ్బరికాయల వ్యానుతో యేసురత్నం కొట్టుకుపోయాడని, వాడి రాత అలా ఉందని అత్తయ్యగారు మీకు చెప్పారు. ఆవిడకు తెలియనిది ఒకటుంది.

ఆ శుక్రవారం పదింటికి అతను అవతలి గట్టు నుంచి ఫోను చేశాడు.

"అక్కా, బండి తెచ్చేయొచ్చాండీ?"

"గీత కనపడుతోంది తమ్ముడూ. రోడ్డు గట్టిగానే ఉంది."

"ఆయ్. మీరు చూసేరంటే ఇంకేటండీ."

నేను దిగి చూసింది పొద్దున ఆరింటికి. తర్వాత దిగలేదు. రెండు వారాలుగా మీ ఫోను లేదు. సెలవు రోజు పదింటికి చేస్తారు కదా, నేను ఏట్లో ఉండగా మోగితే ఎవరెత్తుతారని కొట్టు వదల్లేదు. మీకు లైను దొరకాలని, అతను త్వరగా పెట్టేస్తే బాగుండుననుకున్నాను కూడా. నీళ్ళ కింద రోడ్డు అప్పటికే కోసుకుపోయింది.

కాసేపటికి మీరు చేశారు. బయట ఆ అరుపులేంటని మీరే అడిగారు. జనం వరద చూడ్డానికొచ్చారన్నాను. ఆ అరుపులెందుకో తెలిసింది గాని, ఫోను పెట్టలేదు. మీ గొంతు ఇంకాస్సేపు వినాలనిపించింది.

మొన్న అతని భార్య దానమ్మ కొట్టుకొచ్చింది. "ఆఖర్న మీతోనే మాట్లాడేరంటండి. ఏమన్నారండీ?" అంది. అక్కా అని పిలిచాడన్నాను. ఆపైన గ్లాసులు కడుగుతూ కూర్చున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేసి ఆవిడింటికే వెళుతున్నాను. మీకు చెప్పినదంతా చెప్పేస్తాను. కొడితే కొట్టించుకుంటాను.

గండి ఇసుక బస్తాలతో పూడ్చారు, బళ్ళు తిరుగుతున్నాయి. ఎగువన మళ్ళీ వానలంటున్నారు. వానలు తగ్గేదాకా శుక్రవారం పదింటికి ఫోను చేయకండి బావా. చేసినా మోగి మోగి ఆగిపోతుంది. ఆ వేళకి నేను కర్రతో నీళ్ళలో ఉంటాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
రత్నమాల