ముప్పై రోజుల ఉప్పునీళ్ళు

అక్టోబర్ 6, ఆత్మకూరు

ఈ వారం టాపిక్ కత్తులు. అడవిలో తప్పిపోతే బతికి బయటపడటానికి పనికొచ్చే కత్తులు, తుప్పు పట్టకూడదు, మడిచే రకం కాకూడదు. ఏడు కత్తులకు ర్యాంకులివ్వాలి. వెబ్‌సైట్‌కి రాసేది నేను, పైన పేరు మాత్రం మైక్ అని ఎవరిదో. మైక్‌కి గడ్డముంది, ఇరవై ఏళ్ళ అడవి అనుభవముంది. నాకు గ్యాస్ స్టవ్ పక్కన ఒక లాప్‌టాప్ ఉంది.

ఇంతకుముందు టార్చిలైట్ల మీద రాశాను, రెయిన్‌కోట్ల మీద రాశాను. ఒక్కటీ చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ఫొటోలు చూడటం, నలుగురు రాసింది చదవడం, కలిపి వండటం. కత్తులూ అంతే. మడిచే కత్తికి కీలుంటుంది, కీల్లో తడి చేరుతుంది, కాబట్టి ఒకే ముక్కగా ఉన్నదే నయం. ఉక్కులో క్రోమియం ఎక్కువుంటే తుప్పు తక్కువ. మధ్యాహ్నానికల్లా సగం అయిపోయింది.

అక్టోబర్ 7, మధ్యాహ్నం 3

హైదరాబాద్‌లో మా ఎడిటర్ సుధీర్ మెసేజ్ పెట్టాడు. చెక్క చెక్కడానికి ఏ కత్తి బాగుంటుందని జనం తెగ వెతుకుతున్నారట, అందుకని 'వుడ్ కార్వింగ్' అని ఒక కాలమ్ పెట్టి పదికి మార్కులు వెయ్యమన్నాడు. ఫస్ట్ ర్యాంక్ కత్తికి ఎనిమిదికి తగ్గకూడదట.

ఫస్ట్ ర్యాంక్ కత్తి ఫొటో పెద్దది చేసి చూశాను. వెన్ను అయిదు మిల్లీమీటర్లు. అంత మందం కత్తితో కట్టెలు చీల్చొచ్చు, స్పూను చెక్కలేం. ఈ ముక్క నాకు మైక్ చెప్పక్కర్లేదు. ఉదయగిరిలో మా అబ్బా ఖలీలుల్లా నలభై ఏళ్ళుగా చెక్క స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతున్నాడు. ఆ చెక్కపొట్టులో పెరిగిన దాన్ని. ఆయన కత్తి సగం అరిగి ఆకులా ఉంటుంది. పలచగా లేకపోతే స్పూను గుంట లోపలికి తిరగదు.

తొమ్మిది వేశాను.

'ముప్పై రోజులు ఉప్పునీళ్ళలో ఉంచి చూశాం, చుక్క తుప్పు లేదు' అని కూడా రాశాను. రాసి, పప్పులో ఉప్పేశానో లేదో గుర్తురాక లేచి వెళ్ళి చూసుకున్నాను.

అక్టోబర్ 15

ఆర్టికల్ వచ్చింది. ఫారూఖ్‌కి లింక్ పంపాను. ఆయన లారీ మీద వెళ్తే పది రోజులకు గాని ఇల్లు చూడడు. కంపెనీ వాళ్ళు సామాన్లు పంపిస్తారు, వాడి చూసి తిరిగి పంపేస్తాను అని పెళ్ళైన కొత్తలో ఆయనకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. ఇంట్లో కూర్చుని ఊహించి రాస్తానంటే ఉద్యోగంలా అనిపించదని కాబోలు.

ఫోన్లోనే తెలుగులోకి మార్చుకుని, అబ్బాకి కాల్ చేసి మొత్తం చదివి వినిపించాడట. తొమ్మిది మార్కులతో సహా. టాపిక్ వచ్చి తొమ్మిది రోజులే అయిందని ఎవరూ లెక్క చూడలేదు.

అక్టోబర్ 19, ఉదయగిరి

నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికే వీధిలో అందరికీ తెలుసు. రిహానా కత్తులు పరీక్ష చేసే ఉద్యోగం చేస్తున్నదని, అమెరికా వాళ్ళు కూడా ఈ పిల్ల మార్కులు చూసి కొంటారని అబ్బా టీ కొట్టు దగ్గర చెప్పి వచ్చాడు. జన్మలో నన్నింత పొగడలేదు. డిగ్రీ పాసైనప్పుడు కూడా 'ఊఁ' అన్నాడంతే.

నాలుగు రోజులుగా ఒకటే వాన. రాత్రి కొబ్బరినూనె రాసి పెట్టినా తెల్లారేసరికి ఆయన కత్తి ఎర్రబడుతోంది. ముందు అది తుడుచుకుని గాని పనిలోకి దిగడు. నన్ను పిలిచి కత్తి చూపించాడు. మా ఇంట్లో కత్తి చేతి నుంచి చేతికి ఇవ్వరు, ఇస్తే ఆ ఇద్దరికీ చెడుతుందంటారు. నేలమీద పెట్టాడు, నేను తీసుకున్నాను. నీ కత్తికి ఈ బాధ లేదు కదా అని అడిగాడు. ఉప్పునీళ్ళలో ఎట్లా పెట్టినావన్నాడు.

బక్కెట్లో అన్నాను.

ఎంత ఉప్పు అన్నాడు. మూడు గుప్పిళ్ళు అన్నాను. అమ్మీ జైతూన్‌బీ పక్కనే కూర్చుని ఫోర్కుకి ఉప్పు కాగితం రుద్దుతూ నవ్వింది, బిడ్డకు వంట రాదు గానీ కత్తులు నానబెట్టడం వచ్చునని. నేనూ నవ్వాను. ఇప్పుడు ఇది రాస్తుంటే మొహం మండిపోతోంది.

అక్టోబర్ 21

ఫారూఖ్ ఆ కత్తిని అబ్బా కోసం ఆర్డర్ పెట్టాడు. మామ అడిగినాడు, కాదంటానా అంటున్నాడు. రేపు సాయంత్రం దాకా క్యాన్సిల్ చెయ్యొచ్చు.

అక్టోబర్ 22, రాత్రి 7

చెప్పలేదు.

అక్టోబర్ 28

కత్తి చేరింది. అబ్బా వీడియో కాల్ చేశాడు. నల్ల ఒర, నల్ల పిడి, అద్దంలా మెరిసే కత్తి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూపిస్తుంటే ఆయన మొహం చూడలేక సిగ్నల్ లేదని పెట్టేశాను.

సాయంత్రం అమ్మీ ఫోన్ చేసింది. మధ్యాహ్నమంతా సానరాయి మీద నూరాడట, పదును ఎక్కడం లేదట. అబ్బా మాత్రం తప్పు కత్తిది కాదంటున్నాడట. కొత్త ఉక్కు, కొత్త మందం, చేతికి అలవాటు కావాలి అంటున్నాడట. పాత కత్తిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. అటక మీద నుంచి ఆ కత్తి దించమను అని ఒక్క మాట. అమ్మీకి చెప్పినా సరిపోయేది. జాగ్రత్తగా వాడమను అని మాత్రం అన్నాను. వంద ఆర్టికల్స్ చివర రాశాను ఆ వాక్యం.

నవంబర్ 2

తెగింది. ఎడమచేతి బొటనవేలు మొదట్లో. స్పూను గుంటలో కత్తి తిరగక బలంగా నొక్కాడట, జారింది. కాఫీపొడి వేసి గుడ్డ కట్టుకుని ఇంకో రెండు స్పూన్లకు చెక్క కోశాడట. వేలు వంగడం లేదని పొద్దుగూకాక అమ్మీ గమనించింది.

నవంబర్ 4, నెల్లూరు

వేలు వంచే నరం తెగిపోయిందట. ఆపరేషన్ చేసి కలిపారు. అయిదారు వారాలు కట్టు తియ్యకూడదు. తీశాక వంగుతుందో లేదో అప్పుడు చూడాలన్నారు. ఎడమ బొటనవేలు వంగకపోతే స్పూను ముక్క పట్టుకోలేడు. వేరే పని ఆయనకు రాదు.

ఇట్లాంటి కత్తి ఎందుకు వాడావని డాక్టర్ కోప్పడ్డాడు. నేను మంచం పక్కనే మందుల కవరు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"కత్తిలో ఏం తప్పు లేదు సార్," అన్నాడు అబ్బా. "నా బిడ్డ ముప్పై దినాలు పరీక్ష చేసినాది. నాకే పట్టుకోను రాలేదు."

డాక్టర్ నావైపు చూశాడు. తల దించుకున్నాను. వినయం అనుకుని ఉంటాడు.

నవంబర్ 9

ఇవాళ ఆర్టికల్ మళ్ళీ చదివాను. బాగా రాశాను. అబద్ధం ఎక్కడా తడబడలేదు.

నవంబర్ 16, ఉదయగిరి

చెప్పేశాను.

అమ్మీ బజారుకు వెళ్ళింది. అబ్బా కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, కుడిచేత్తో అమ్మీ వదిలేసిన ఫోర్కు మీద పొట్టు దులుపుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను. ఆ కత్తిని నేను ముట్టుకోనే లేదని, బక్కెట్ లేదని, ఉప్పు లేదని, ఫొటో చూసి రాశానని చెప్పాను. ఏడుపు రాలేదు. వస్తే కాస్త నయంగా ఉండేది.

ఫోర్కు పళ్ళ మధ్య పొట్టు ఊదాడు. ఫొటోలో వెన్ను కనపడిందా అని అడిగాడు.

కనపడింది అన్నాను.

మందమని తెలిసిందా అన్నాడు.

తెలిసింది అన్నాను.

"తెలీక రాసిండావేమో అనుకుంటిని," అన్నాడు. "ఒరలోంచి తీయంగానే నా కండ్లు చెప్పినాయి, ఇది స్పూనుకు పనికిరాదని. నీ మార్కులు చూసి నా కండ్లదే తప్పనుకున్యా."

తిట్టలేదు. లేచి లోపలికి వెళ్ళి ఆ కత్తి తెచ్చాడు. నేలమీద పెడతాడని చూస్తూ కూర్చున్నాను. పెట్టలేదు. ఒర పట్టుకుని నా చేతికే ఇచ్చాడు.

"ఇప్పుడు పెట్టు ముప్పై దినాలు," అన్నాడు.

ఆత్మకూరు వచ్చేదాకా బస్సులో ఆ కత్తి ఒళ్ళోనే ఉంది. బక్కెట్‌లో నీళ్ళు పట్టి, మూడు గుప్పిళ్ళ ఉప్పు వేసి, ముంచాను.

నవంబర్ 17

తొమ్మిదిని రెండు చెయ్యమని సుధీర్‌కి మెసేజ్ పెట్టాను. పరీక్ష చెయ్యలేదన్న సంగతి కూడా రాయమన్నాను. ఆ పేజీ సెర్చ్‌లో అన్నిటికంటే పైనుందట, వేలు పెట్టొద్దన్నాడు. వేలు అనే అన్నాడు, ఆయనకేం తెలుసు. తర్వాతి టాపిక్ ట్రెక్కింగ్ బూట్లు. ఇంక రాయనని చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

నవంబర్ 20

ఫారూఖ్ వచ్చాడు. బాత్రూంలో బక్కెట్ చూసి ఇదేంటన్నాడు. మొదటి నుంచి చెప్పాను. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మామకు ఆర్డర్ పెట్టింది నేను కదా అన్నాడు. అర్ధరాత్రి దాటింది, నాలాగే ఆయనా ఇంకా మేలుకునే ఉన్నాడు.

నవంబర్ 29

పదమూడో రోజు. తుప్పు లేదు. నీళ్ళు మార్చాను. బూట్లు రాయనని సుధీర్‌కి చెప్పాను. మైక్‌కి ఇంకెవరో దొరుకుతారు.

డిసెంబర్ 14, నెల్లూరు

కట్టు విప్పారు. వేలు వంగుతుందేమో రెండు రోజులు చూద్దామన్నారు. దారంతా అబ్బా ఆ వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు. నాతో వాన గురించి మాట్లాడాడు.

డిసెంబర్ 16

ముప్పయ్యో రోజు. కత్తి తీసి, తుడిచి, ఎండలో పట్టి చూశాను. చుక్క తుప్పు లేదు. నేను రాసింది నిజమే.

అమ్మీ ఫోన్ చేసింది. వేలు వంగలేదు.