దీక్ష శిబిరానికి క్యారియర్ తీసుకుపోయిన సంగతి

మార్కాపురం,
ఆదివారం.

చెల్లెలు ఓబులమ్మను చల్లగా ఉండమని దీవించి అక్క కాశమ్మ రాసేది. నేనూ భార్గవీ ఇక్కడ బాగానే ఉన్నాము. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? మరిదికి దగ్గు తగ్గిందా? పిన్నమ్మ అన్నం సరిగా తింటున్నదా? ఫోన్లో అడగక ఈ ఉత్తరమెందుకు అంటావేమో. మాకున్నది ఒక్క గది. ఏం మాట్లాడినా నా మనవరాలు భార్గవి చెవిన పడుతుంది. ఇది నువ్వే కూడబలుక్కుని చదువుకో, ఎవరిచేతా చదివించవద్దు.

సంగతేమంటే, ఇక్కడ జరిగేది నా కొడుకు రంగయ్యకు చెప్పాలా వద్దా అన్నది తేలడం లేదు. చెబితే వాడు వచ్చి సాయంత్రం బస్సుకే కూతురిని తీసుకుపోతాడు. డిగ్రీ చదువు అంతటితో సరి. చెప్పకుంటే, రేపు ఏదైనా జరిగితే అది నా మీదకే వస్తుంది.

ఎండ మన కొమరోలు ఎండే కానీ గాలి లేదు. గది వెనకనే రాతి పలకలు కోసే మిల్లు. మూత పెట్టినా కుండలో నీళ్ల మీద దుమ్ము తేలుతుంది. కుళాయి నీళ్లకు కందిపప్పు ఉడకదు. భార్గవి కాలేజీకి పోతే తిరిగి వచ్చేదాకా పలకరించే మనిషి లేదు. అయినా నాకేమీ కష్టం లేదు, నువ్వు బెంగ పెట్టుకోవద్దు.

నా బాధంతా ఆ కల్యాణి. పొదిలి పిల్ల, పైచదువు చదువుతున్నది, విద్యార్థి సంఘానికి పెద్ద. ఇదివరకు భార్గవి రాగానే నా పక్కన చేరి కాలేజీ ముచ్చట్లన్నీ చెప్పేది. ఇప్పుడు కల్యాణక్క ఇట్లా అన్నది, కల్యాణక్క అట్లా చెప్పింది, ఇదే పాట. జడ వేస్తానంటే వద్దంటుంది, అక్కలాగా క్లిప్పు పెట్టుకుంటుందట. నేను చేసిన గోంగూర పచ్చడి డబ్బాలో పెట్టుకుని పోయి ఆమెకు పెడుతుంది. బాగుందన్నదని వచ్చి నాతో చెబుతుంది. ఆమె బాగుందంటే గానీ నా పచ్చడి బాగున్నట్టు కాదు కాబోలు. ఈ వయసులో ఇల్లు వదిలి వచ్చింది పిల్లను ఆమె చేతిలో పెట్టడానికా?

వాళ్లు చేసేది తప్పని నేననను. సర్కారు నుంచి రావలసిన ఫీజు రాలేదట. మీరే కట్టండి, కట్టనిదే పరీక్షకు హాల్ టికెట్ ఇవ్వమని కాలేజీ వాళ్లు అన్నారట. కట్టలేని పిల్లలు ఎంతమందో. మన భార్గవీ వాళ్లలోనే ఉంది. రంగయ్యకు ఆ మాట కూడా చెప్పలేదు. బోరు ఎండిపోయి వాడెట్లా ఉన్నాడో నీకు తెలియనిది కాదు. అందుకని పిల్లలు బస్టాండు దగ్గర టెంటు వేసినారు. రోజుకు కొందరు చొప్పున పస్తు కూర్చుంటారు. శుక్రవారం భార్గవి వంతు.

మనం శనివారం ఒక్కపొద్దు ఉంటే మధ్యాహ్నం ఇంత తింటాము కదా. వీళ్లూ అంతేననుకున్నాను. అన్నం, పప్పు, వంకాయ కూర క్యారియర్లో సర్దుకుని ఆటో ఎక్కి పోయినాను. మెడలో దండ వేసుకుని వరసగా కూర్చున్నారు. నేను నేరుగా పోయి భార్గవి ముందు గిన్నెలు విప్పినాను. "తిను తల్లీ, కళ్లు తిరిగి పడతావు" అన్నాను. అందరూ నవ్వినారు. ఒక పిల్లాడు, "అవ్వా, ఆ వంకాయ కూర ఎవరైనా ఫోటో తీస్తే మా దీక్ష గతేంది?" అన్నాడు. భార్గవి సిగ్గుతో తల వంచుకుంది కానీ నా వైపు చూడలేదు.

ఆ కల్యాణే లేచి వచ్చింది. గిన్నెలు మూసి, నన్ను వెనక నీడలో కూర్చోబెట్టి, "అవ్వా, నువ్వు తిన్నావా?" అని అడిగింది. నేను తినలేదు, ఓబులమ్మా. ఆ మాట నా మనవరాలు అడగాలి కదా. ఆమె ఎందుకు అడగాలి? తిన్నానని అబద్ధం చెప్పినాను.

పొద్దు వాలినాక భార్గవికి మైకు ఇచ్చినారు. "నాకు వండిపెట్టడానికి మా అవ్వ ఊరు వదిలి వచ్చింది. మా నాయనకు ఫీజు కట్టే శక్తి లేదు. పరీక్ష రాయకుండా నేను మా అవ్వను ఏ మొహం పెట్టుకుని ఊరికి తీసుకుపోవాల?" అన్నది. గొంతు వణకలేదు. నాకు సంతోషమే, కాదనను. కానీ ఇన్ని నెలలు ఒక్క గదిలో పడుకున్నామే, నాతో ఎప్పుడైనా అన్నదా ఆ మాట? బస్టాండులో జనానికి చెప్పింది, ఆ కల్యాణి పక్కన నిలబడి చెప్పింది.

ఎవరైనా పెద్దవాళ్లు నిమ్మరసం ఇచ్చి పస్తు విడిపించాలి. రావలసిన పంతులు రాలేదు. అవ్వ చేత ఇప్పిద్దామని కల్యాణి అన్నది. గ్లాసు తీసుకుని భార్గవి దగ్గరకే పోయినాను. "ముందు అక్కకియ్యి అవ్వా, నిన్న గూడా ఆమె ఏం తినలా" అన్నది. ఇచ్చినాను. కల్యాణి తాగి నా కాళ్లకు దండం పెట్టింది. తల మీద చేయి వేసి చూస్తే నెత్తి కాలిపోతున్నది. ఆ పిల్లకూ పొదిలిలో ఎవరో ఒక ముసలిది ఉండే ఉంటుంది. అయినా నాకు మంట తగ్గలేదు, నీ దగ్గర దాచడం ఎందుకు.

రంగయ్యకు చెప్పించాలనే ఈ కాగితం మొదలుపెట్టినాను. ఇప్పుడు చెప్పవద్దంటున్నాను. వాడు వచ్చి లాక్కుపోతే భార్గవి నా పక్కనే ఉంటుంది కానీ నాతో మాట్లాడదు. హాల్ టికెట్ చేతికి వచ్చినాక నేనే చెబుతాను. వాడు అడిగితే బాగా చదువుకుంటున్నదని చెప్పు, అబద్ధం కాదు. నాకు భయంగానే ఉంది. భయం ఎప్పుడు లేదులే.

పిన్నమ్మ కాళ్లకు నా బదులు నువ్వు దండం పెట్టి, పిల్ల పరీక్ష రాసేట్టు దీవించమని అడుగు. మరిదిని అడిగినానని చెప్పు. దగ్గుకు మిరియాల కషాయం మానవద్దు.

ఒక్క పని చేసిపెట్టు. మీ చేలో నిమ్మకాయలు ఒక సంచి నిండా కోసి మార్కాపురం బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపు. దీక్ష ఇంకా నడుస్తున్నది. భార్గవి వంతు మళ్లీ వస్తుంది. ఈసారి ఆ కల్యాణి చేత్తో ఇచ్చినా సరే, తాగేది మన నిమ్మకాయ రసం కావాలి.

ఇట్లు,
మీ అందరి మేలు కోరే అక్క
కాశమ్మ