నాలుగో చోట దిగనన్నాడు

మల్కాపురం,
12-11-1997

ప్రియమైన జయశీలకు,

ప్రభువు కాపుదలలో నేనూ అమ్మా బాగానే ఉన్నాం. మస్కట్‌లో నీ ఆరోగ్యం, నర్సు డ్యూటీలు సవ్యంగా ఉన్నాయని తలుస్తాను. మన టిమోతి సంగతి రాస్తున్నాను, కూర్చుని చదువు. ఇప్పుడు ప్రాణానికేం భయం లేదు.

వాడి ఉత్తరాల్లో అక్షరాలు గీత దాటి పోతున్నాయేమని పోయినసారి అడిగావు. బద్ధకమనుకుని నవ్వుకున్నాను. అంత దూరాన ఉన్న నీకు కనిపించింది, ఇంట్లో ఉన్న నాకు కనిపించలేదు.

మా కాలేజీ బేస్‌బాల్ జట్టు ఫైనల్‌కు వచ్చింది. కోచ్‌ని కాబట్టి బ్యాటింగ్ వరుస నేనే రాయాలి. ముందు ముగ్గురూ పరుగు మధ్యలో ఆగే బేసుల మీదికి చేరితే, నాలుగోవాడు గట్టిగా కొట్టి వాళ్ల చేత పరుగులు తీయించాలి. రెండేళ్లుగా అది టిమోతి చోటు. సోమవారం నేను పేర్లు చదువుతుంటే వాడు లేచాడు.

"నాలుగులో నాను దిగను నాన్నా. నన్ను సివర్న ఎయ్యి."

అందరూ బిత్తరపోయారు. ఎందుకని ఎంత అడిగినా తల దించుకున్నాడే తప్ప చెప్పలేదు.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో ఎడమ పక్కనుంచి వచ్చిన బంతి వాడి దవడకు తగిలింది. తప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. జయా, బంతి ముఖం మీదికి వస్తుంటే కన్నయినా ఆర్పలేదు. నాకంటే ముందు మా పిచ్చర్, మ్యాచుల్లో బంతి విసిరే ఎల్లారావు, పరిగెత్తి వాణ్ణి పట్టుకున్నాడు.

దెబ్బ పైపైదేనన్నారు డాక్టరుగారు. తర్వాత కంట్లోకి లైటు వేసి చూసి, ఎడమ కంటి చూపు నాలుగు నెలలుగా తగ్గుతూ వస్తోందనీ, లోపలి పొర విడిపోయిందనీ చెప్పారు. రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తినే పిల్లవాడు! చెప్తే జట్టులోంచి తీసేస్తానని దాచాడట.

నిన్న ఆపరేషన్ అయింది. ఆ కంటికి వెలుగు, మనుషుల ఆకారం తెలుస్తాయి, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దన్నారు. కుడి కన్ను బాగుంది.

ఈ ఉదయం కంటికి కట్టుతోనే వాడు వరుస చెప్పాడు, నేను రాసుకున్నాను. నాలుగులో ఎల్లారావు. తన పేరు లేకుండానే తొమ్మిది మంది పేర్లూ పూర్తిచేశాడు. నేను తడబడ్డాను. వాడు తడబడలేదు.

ఒక మాట ఇంతవరకూ రాయలేకపోయాను. ఆ బంతి విసిరింది నేనే. ఫైనల్‌కి భయపడి వెనక్కి పోతున్నాడనుకుని, జట్టంతా వింటుండగా పిరికివాడివన్నాను. ఆ కోపంలో విసిరాను. పట్టుకుంటాడనే అనుకున్నాను.

ఇది నీకు రాస్తానంటే వాడు ఒప్పుకోలేదు. "అమ్మకి అది సెప్పకు నాన్నా. ఎవులో ఇసిరారని రాసెయ్యి" అన్నాడు.

ఎవరో అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇట్లు,
టిమోతి నాన్న,
సుందర్ రాజ్