నాలుగు చరణాల సూది

18 జనవరి 1992, నిజామాబాద్

అత్తమ్మ నల్లగా రక్తం కక్కుకుంది. మా ఆయన జయరాజ్ బోధన్ నుంచి చక్కెర ఫ్యాక్టరీ జీపులో తీసుకొచ్చి అడ్మిట్ చేశాడు. క్రషింగ్ సీజన్, ల్యాబ్‌లో మనిషి లేడని సాయంత్రానికే వెళ్లిపోయాడు. ఆయనకు అక్కడ ఉద్యోగం, నాకు ఇక్కడ కాలేజీలో పాఠాలు. అత్తమ్మ కొడుకు దగ్గరే క్వార్టర్స్‌లో ఉంటుంది.

కడుపులో పుండట. ఏం గోలీలు మింగుతుందని డాక్టర్ అడిగాడు. మోకాళ్ల నొప్పులవి అన్నాను. పుండు వాటివల్లే అన్నాడు. నెలనెలా కొని పంపింది నేనేనని చెప్పలేదు. జువాలజీ ఎమ్మెస్సీ. ఆ స్ట్రిప్ వెనక ఏం రాసుందో ఒక్కసారి చదవలేదు.

19 జనవరి

యాసిడ్ తగ్గడానికి ఇంజక్షన్ రాశారు. రానిటిడిన్, రోజుకు మూడు. కొత్తగా చేరిన సిస్టర్ మందును గబుక్కున నరంలోకి తోసేసింది. అత్తమ్మ కళ్లు తేలేసింది. నాడి నలభైకి పడిపోయిందట. కాసేపటికి తేరుకుంది. సీనియర్ సిస్టర్ వసంతమ్మ ఉరికొచ్చి, లారీ తోలుతున్నవా సూదేస్తున్నవా అని ఆ అమ్మాయిని తిట్టింది. గీ మందు ఉత్తగ ఎక్కియ్యొద్దు, సెలైన్ కలిపి ఇరవై ఎమ్మెల్ చెయ్యాలె, ఐదు నిమిషాలు పట్టాలె, ఉరికిస్తె గుండె ఆగుతది అంది.

20 జనవరి

ఇవాళ్టి నుంచి వసంతమ్మే వేస్తోంది. ఆమె కూడా మా మెథడిస్టే. అవ్వా, పాట పాడు, భయం పోతది అంది. అత్తమ్మ అందుకుంది. మా చర్చిలో సాగదీసి పాడే నాలుగు చరణాల పాట. చివరి పల్లవి అయ్యేసరికి సిరంజి ఖాళీ.

వరండాలో వసంతమ్మ నాతో చెప్పింది. వాచీ చూసుకుంట కూసుంటె ముసలవ్వ గాబరా పడతది అక్కా, గా పాట మనోళ్లు పాడేటట్టు పాడితె సరిగ్గ ఐదు నిమిషాలు, ఎన్నిసార్లు చూసిన్నో.

అత్తమ్మకు మాత్రం అది ప్రార్థన. పాటతోనే మందు పనిచేస్తోందని పక్క మంచం ఆమెకు చెబుతోంది. నవ్వుకున్నాను. సరిచేయలేదు.

22 జనవరి

వాచీ పెట్టి చూశాను. నాలుగు నిమిషాల యాభై సెకన్లు.

26 జనవరి

డిశ్చార్జ్. ఇక గోలీలు చాలన్నాడు డాక్టర్. అత్తమ్మ ఒప్పుకోదు. గోలీ కరిగేదెప్పుడు, మంట సల్లారేదెప్పుడు, సూదైతె సక్కగ నెత్తుర్ల కలుస్తది, గంత సదువు సదివినవు గని గిది తెల్వదా బిడ్డా అంటుంది. నాలుగు సూది మందు ఆంప్యూల్స్ మిగిలాయి. వాదించే ఓపిక లేక ఆమె సంచిలోనే వేశాను. క్వార్టర్స్ దగ్గర ఆర్‌ఎంపీ హన్మండ్లు ఉన్నాడు కదా. ఎలా వెయ్యాలో ఆయనకొక చీటీ రాయాలనుకున్నాను. బయట జీపు హారన్ కొట్టింది.

4 ఫిబ్రవరి

జయరాజ్ కాలేజీకి ఫోన్ చేశాడు. అమ్మకు మళ్లీ మంట, సూది సూది అని పానం తీస్తున్నది, హన్మండ్లును పిలవాల్నా అని. పిలువు, మెల్లగా వెయ్యమను అన్నాను. అంతే. సెలైన్, ఐదు నిమిషాలు, పాట, ఇవన్నీ ప్రిన్సిపాల్ గదిలో నలుగురి ముందు అరిచి చెప్పడానికి సిగ్గేసింది.

5 ఫిబ్రవరి, మధ్యాహ్నం మూడు

అత్తమ్మ పోయింది.

9 ఫిబ్రవరి, బోధన్

హన్మండ్లు వచ్చాడు. ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు. గడప దగ్గరే.

తొందర పడలే మేడం అన్నాడు. అవ్వ పాట పాడాలె అన్నది. మీ దేవుని పాట నడుమల సూది గుచ్చుడు పాపం గదా అని చెప్పులిడిసిన, చేతులు కట్టుకొని నిలవడ్డ. నాలుగు చరణాలు ఒడిసినంకనే ఆంప్యూల్ కొట్టి ఒక్కపారే ఎక్కిచ్చిన. సూది ఇంక తియ్యనే లే, అవ్వ ఇట్ల ఒరిగింది.

జయరాజ్ ఏడ్చాడు. మనవాళ్లు కూడా ఇంత మర్యాద చూపరు అన్నాడు.

11 ఫిబ్రవరి, నిజామాబాద్

డాక్టర్‌ను కలిశాను. ముసలి ప్రాణం, ఒంట్లో రక్తం లేదు, సూది వల్లేనని చెప్పలేం, కాదనీ చెప్పలేం అన్నాడు. నేను ఆ రెండో మాటనే పట్టుకుని ఇంటికొచ్చాను.

మెల్లగా అంటే ఎంతసేపో నేను చెప్పలేదు. ఆ పాట గడియారమని తెలిసింది ఇద్దరికే. వసంతమ్మకు, నాకు.

20 ఫిబ్రవరి

జయరాజ్ వచ్చాడు. మాటల్లో అన్నాడు, చెరకు బండ్ల వాళ్లు ఫ్యాక్టరీ గేటు ముందు రెండేసి రోజులు లైన్లో ఉండి, తిండి వేళ తప్పి, గ్యాస్ సూది, అదే రానిటిడిన్, వెయ్యమని హన్మండ్లు దగ్గరికే పోతున్నారట.

హన్మండ్లుకు చెప్పాలి. చెబితే అత్తమ్మ తన చేతిలోనే పోయిందని ఆయనకు తెలుస్తుంది. నా సంగతి జయరాజ్‌కు తెలుస్తుంది. చెప్పకపోతే, ఈ సీజన్‌లోనే ఇంకొకరు. ఇంత తేలిక లెక్కకు ఇంకా జవాబు వెతుకుతున్నాను.

1 మార్చి, ఆదివారం, బోధన్

చెప్పాను. జయరాజ్ ముందే. ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు.

నా వాచీ తీసి హన్మండ్లు ముందు పెట్టాను. ముట్టలేదు. గా పాట నాకు నేర్పుండ్రి మేడం అన్నాడు.

ఇవాళ ఆయనకు రెండో చరణం దాకా వచ్చింది.