ఐసొలేషన్‌లో పదకొండు సార్లు

అక్కకు,

నీ చెవి మందగించాక ఫోన్లో నేనొకటంటే నీకింకొకటి వినపడుతోంది. అందుకే కాగితం పట్టాను. ఇక పొరపాటుకు తావుండదు.

ఒళ్ళు క్షేమమే, మనసే బాగాలేదు. మా ప్రోగ్రాంని లైనక్స్‌లో, ఏమీ లేని శుభ్రమైన చోట ఐసొలేషన్‌లో పెట్టి టెస్ట్ చేయమన్నారు. మేనేజరు దగ్గర చక్కగా తిరిగేది, నేను లోపల పెట్టిన నిమిషానికే పడిపోతోంది. పొద్దుట్నుంచి పదకొండు సార్లు! ఆయనేమో నెలాఖరుకల్లా బాగుందని సంతకం పెట్టి బయటికి పంపేయమంటున్నాడు. తిండి సయించడం లేదు.

నీ చెల్లెలు

తా.క. తల్లిని ఆపినా పిల్లలు ఆగలేదు. మూడింటినీ చంపాల్సొచ్చింది.

---

చెల్లీ,

నీ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. ఇరవై రెండేళ్ళుగా జ్వరాల వార్డులో నర్సుని, నా దగ్గరే దాపరికమా? ఇది ఆరోగ్యశాఖ వాళ్ళ ప్రోగ్రామేనా? లైనక్స్ అనే ఆసుపత్రి పేరు నేనెప్పుడూ వినలేదు. పదకొండు సార్లు పడిపోయిన మనిషికి పల్స్ అయినా చూశారా? ఆ పిల్లల సంగతి అడగడానికే నోరు రావడం లేదు. తిండి సయించకపోవడం మొదటి లక్షణమే. నీకేగా జ్వరం? నిజం చెప్పు.

కంగారుతో,
అక్క

తా.క. ఈ ఉత్తరం తెరిచే ముందు చేతులు కడుక్కో.

---

అక్కా,

పడిపోయింది మనిషి కాదే తల్లీ! లైనక్స్ అంటే కంప్యూటరుని నడిపించేది. అందులో ఖాళీ చోటొకటి కట్టి, మా ప్రోగ్రాంని ఒంటరిగా వదులుతాను. తల్లి అంటే అందులో నడిచే ఒక పని, పిల్లలంటే అది పుట్టించిన చిన్న పనులు, చంపడమంటే ఆపేయడం. మేనేజరు కంప్యూటరు నిండా ఏళ్ళనాటి సామానుంది. అక్కడ మా ప్రోగ్రాంకి ఏది తక్కువైనా పక్కింట్లో అడిగి తెచ్చుకున్నట్టు తెచ్చుకుని గట్టెక్కేస్తుంది. ఖాళీ చోట ఎవరిస్తారు?

ఆ ప్రోగ్రాం నడిపేది సెలైన్ పంపుని అక్కా. చుక్కలు తప్పితే? "నీ ఖాళీ గదిని కాదు, నా కంప్యూటర్ని నమ్ము" అంటాడాయన. ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ చెల్లెలు

తా.క. కడుక్కున్నాను.

---

చెల్లీ,

కొంప ముంచాను. నీ ఉత్తరం ఒక్కరోజు ముందొచ్చినా బాగుండేది. అప్పటికే మీ మేనేజరుకి రాసేశాను, వార్డు కాగితం మీద, ముద్ర వేసి మరీ. "ఐసొలేషన్‌లో పదకొండు సార్లు పడిపోయినదాన్ని బాగుందని సంతకం పెట్టించి బయటికి వదులుతారా? ఏదైనా జరిగితే బాధ్యత మీదే" అని. నీ గురించేననుకున్నానే! నీ ఉద్యోగం ఊడితే ఆ పాపం నాదే.

ఒక్కటి మాత్రం విను. డాక్టరు కళ్ళెర్రజేసినా సరే, దిగని జ్వరాన్ని దిగిందని మేం చార్టులో రాయం.

నిద్రపట్టని
అక్క

తా.క. ఆఫీసంతా బ్లీచింగ్ చల్లించమని కూడా రాశాను.

---

అక్కా,

మేనేజరు నన్ను పిలిచి తలుపేశాడు. చేతిలో నీ ఉత్తరం. "మన లోపలి సంగతి ఆసుపత్రికెలా తెలిసింది? ఎన్నిసార్లు పడిందో లెక్కతో సహా రాశారే!" అన్నాడు. నువ్వు పంపులు కొనే ఆసుపత్రి తరఫు మనిషివనుకున్నాడు! ఆ పొరపాటు నేను దిద్దలేదు.

నా పక్కన కూర్చుని, ఖాళీ చోట తనే స్వయంగా నడిపి చూశాడు. పన్నెండోసారీ పడింది. సాయంత్రానికి దొరికింది: చుక్కల వేగం రాసిన ఫైలు ఆయన కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు, జతచేసి పంపడమే మరిచాం. జతచేశాక ముప్ఫై కొత్త ఖాళీ చోట్లలో నడిపాం, ఒక్కసారీ పడలేదు. బ్లీచింగ్ అంటే ఏ కొత్త పరీక్షో కనుక్కోమని ఇద్దరిని పెట్టాడు, పాపం ఇంకా వెతుకుతున్నారు.

నీ చెల్లెలు

తా.క. నీకు రాయనిది ఒకటుంది. చార్టు గురించి నువ్వు రాసిన మాట నాకు అందేసరికే, అంతా బాగుందని నేను సంతకం పెట్టి రెండు రోజులైంది. ఆ కాగితాన్ని మేనేజరే చించేశాడు. చించాల్సింది నేను.