తణుకు బస్సెక్కిన కన్నమ్మక్క

రాజమండ్రి,
జూన్ 11, 2024.

చంద్రరావు అన్నయ్యగారికి,

ఆశాజ్యోతి చేతులు జోడించి రాయునది. మీరూ వదినగారూ కులాసాగా ఉన్నారా అని అడగడానికి నాకు నోరు రావడం లేదు. ఉండాలని మాత్రం ప్రభువును రోజూ అడుగుతున్నాను.

కన్నమ్మక్కను తీసుకెళ్లడానికి మీరు ఆస్పత్రికి వచ్చిన రోజు మనిద్దరికీ మాట్లాడే ఓపిక లేదు. మొన్న ఫోన్ చేసి, “మా అక్క ఇంతకాలం ఎక్కడుందో, ఎలా పోయిందో ఒక్క ముక్క దాచకుండా చెప్పమ్మా” అన్నారు. ఫోన్లో నా వల్ల కాలేదు. అందుకే రాస్తున్నాను.

ఆవిడ గోదాట్లో దూకేసిందనే అందరం అనుకున్నాం. మీ ఊరు డ్యాము నీళ్లలో మునిగిపోయి జంగారెడ్డిగూడెం దగ్గర పునరావాస కాలనీకి వచ్చాక ఆవిడ ఎవరితోనూ కలవలేదని, అరుగు మీద కూర్చుని కొండలకేసి చూస్తూ ఉండేదని మీరే చెప్పేవారు. ఆవిడ కనిపించకుండా పోయాక, గోదారి ఒడ్డున చూశామని ఎవరో అన్నారు. నిరుడు వేసవిలో మీ ఆచారం ప్రకారం, పోయినవాళ్లకు నిలబెట్టినట్టు ఆవిడ పేర రాయి నిలబెడదామనుకుంటే, మీ పెద్దల రాళ్లన్నీ నీళ్లకింద ఉండిపోయాయి. కాలనీ వెనక పామాయిల్ తోటవాళ్లు చోటివ్వలేదు. చివరికి రోడ్డు పక్కన పాతారు. ఆ రోజు నేనూ వచ్చి ఏడ్చాను. అప్పటికి ఆవిడ తణుకులో బతికే ఉంది.

కోయ భాష మీద పరిశోధన చేసే రోజుల్లో నేను ఆవిడ ఇంట్లోనే ఉన్నాను కదా. తునికాకు కట్టలు కడుతూ నాకు మాటలు నేర్పేది. తప్పు పలికితే పడీ పడీ నవ్వేది.

ఈ ఏప్రిల్లో మా చర్చి స్త్రీల సమాజం తరఫున తణుకు దగ్గర ఓ ఆశ్రమానికి చీరలు పంచడానికి వెళ్లాం. మతి చెడి రోడ్ల మీద తిరిగేవాళ్లను అక్కడ ఉంచుతారు. ఒక గదికి బయట గడియ పెట్టి ఉంది. లోపల్నుంచి సన్నగా “ఏరు, ఏరు” అని వినిపించింది. ఎవరని ఆయాను అడిగాను.

“బస్టాండులో దొరికిందండి. పేరు చెప్పదు, ఊరు చెప్పదు. ఆవిడది భాష కాదండి, ఏదో గొణుగుడు. ఎప్పుడూ ఏరు ఏరంటాదండి. పక్కనే కాలవుంది కదండీ, దూకేత్తాదేమోనని గడియేసేశామండి” అంది.

మీ భాషలో ఏరంటే మంచినీళ్లు. ఆవిడ దాహమని అడుగుతోందన్నయ్యా. భోజనంతో పాటు గ్లాసుడు నీళ్లు ఇచ్చేవారట. మధ్యలో అడిగితే మాత్రం పిచ్చి ముదిరిందని బిళ్ల వేసి పడుకోబెట్టేవారు. సంతలో బేరమాడేపాటి తెలుగు ఆవిడకు వచ్చు కదా. ఆ బిళ్లల మత్తులో అదీ పోయింది. చిన్ననాటి మాటలే మిగిలాయి.

గడియ తీయించి, నీళ్లు తాగుతావా అని మీ భాషలో అడిగాను. తలెత్తి చూసింది. జుట్టు కత్తిరించేశారు, మొహం పీక్కుపోయింది. నేను పోల్చుకోలేదు. నా పలుకు విని నవ్వింది. ఆ నవ్వుతో తెలిసింది. చెంబు ఎత్తిపట్టుకుని తాగుతుంటే నీళ్లు మెడ మీదుగా కారిపోయాయి. ఇంకా కావాలంది.

ఆశ్రమం చూసే నాగేశ్వరప్రసాద్ గారిని, ఆవిడను నాతో పంపించమని బతిమాలాను. “మీరు చెబితే పంపేయగలమాండీ? రక్తసంబంధీకులు రావాలి, ఆధార్ చూపించాలి” అన్నారు. మీరప్పటికి మిరప కోతలకు ఖమ్మం వైపు వెళ్లారు. మీ ఫోన్ కలవలేదు. అక్క కూతురు ఇంద్రజకు పరీక్షలని తనను పిలవకుండా, కూలీ మేస్త్రీల చేత మీకు కబురు పెట్టించే ప్రయత్నంలో ఉండగానే అక్కకు జ్వరం ముదిరింది. అప్పుడు మాత్రం నాగేశ్వరప్రసాద్ గారే కారు మాట్లాడి రాజమండ్రి ఆస్పత్రికి పంపించారు. మూత్రపిండాలు ఎప్పుడో పాడైపోయాయని డాక్టర్లు అన్నారు.

ఆస్పత్రిలో మధ్యాహ్నాలు తెలివిలో ఉండేది. కళ్లు మూసుకుని మీ ఊరి వాగుల పేర్లు, గుట్టల పేర్లు ఒక్కొక్కటే చెప్పి నన్ను తిరిగి చెప్పమనేది. ఇంద్రజ ఫోన్ ఎత్తడం లేదని, చూసి వద్దామని ఇక్కడి నర్సింగ్ కాలేజీకి వచ్చిందట. తిరుగు ప్రయాణంలో బోర్డు చదవలేక తణుకు బస్సెక్కింది. పోయే రోజు కూడా పేర్లు చెబుతూనే ఉంది. ఓ వాగు పేరు సగంలో ఆగింది. నిద్రపోయిందేమోననుకున్నాను. ఆవిడ చెయ్యి నా చేతిలోనే ఉంది.

అన్నయ్యా, నర్సింగ్ కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ త్రిమూర్తులు మీ అక్కను తరిమేశాడట, అతని మీద కేసు పెడతానని ఫోన్లో అన్నారు. తొందరపడకండి. వదినగారికి నా నమస్కారాలు.

ప్రభువు మీకు నిబ్బరం ఇవ్వాలని వేడుకుంటూ,

మీ చెల్లెలు,
ఆశాజ్యోతి

తా.క.: విడిగా పెట్టిన ఈ కాగితం మీరొక్కరే చదివి చించేయండి. త్రిమూర్తులు ఆవిణ్ణి తరమలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి లోపలికి కబురు పంపాడు. ఇంద్రజ స్నేహితురాళ్లతో గేటు దాకా వచ్చింది. కన్నమ్మక్క మీ భాషలో పలకరించింది. ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. “ఎవరే ఈవిడ?” అని అడిగితే ఇంద్రజ, “ఏమో, నాకు తెలీదు” అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. త్రిమూర్తులే జాలిపడి బస్టాండుకు ఆటో ఎక్కించాడు.

ఇది నాకు ముందు అక్కే చెప్పింది. మీ ఫోన్ వచ్చాక వెళ్లి అడిగితే ఆయనా ఇదే చెప్పాడు. మొదట్లో తెలుగు వచ్చినా ఆశ్రమంలో పేరూ ఊరూ ఎందుకు చెప్పలేదని అక్కను అడిగాను. చెబితే పిల్ల దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ అందరి ముందు నిలబెడతారని చెప్పలేదట. “పిల్ల భయపడింది, అంతే” అంది. ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకుంది. నిరపరాధి ఉద్యోగం పోతుందని ఆ మాట తప్పుతున్నాను.

మొన్న ఆదివారం ఇంద్రజ మా ఇంటికి వచ్చింది. అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకోకుండా, అమ్మ తన గురించి ఏమన్నా చెప్పిందా పిన్నీ అని అడిగింది. అడిగింది తెలుగులో కాదు, మీ భాషలో. ఏమీ చెప్పలేదన్నాను. మిమ్మల్ని అడిగినా ఆ మాటే చెప్పండి.